కలగలుపు ఎక్కడుంది? అమృతా షేర్‌గిల్ చిత్రాలు చెప్పే సాక్ష్యం

కళ మీద స్మారకోపన్యాసం అంటే ప్రశంసతో మొదలై ప్రశంసతో ముగియడం రివాజు. ఈ సాయంత్రం ఆ రివాజును పక్కన పెట్టి, ఒకే ప్రశ్న తీసుకుని దాని చివరిదాకా వెళ్లాలనుకుంటున్నాను. రెండు సంస్కృతుల మధ్య పుట్టి పెరిగిన మనిషి కుంచె పట్టుకున్నప్పుడు ఆ రెండూ బొమ్మలో ఎక్కడ కనిపిస్తాయి? గుర్తుల్లో కనిపిస్తాయన్నది మనందరికీ వెంటనే తోచే జవాబు. న్యూజెర్సీలో పెరుగుతున్న తెలుగు అమ్మాయిని నీ రెండు దేశాల బొమ్మ వెయ్యమంటే, ఒక పక్క చార్మినారు, ఇంకో పక్క స్వేచ్ఛా ప్రతిమ, నడుమ పరికిణీ వేసుకున్న తనను వేస్తుంది. పిల్లలు అలా వెయ్యడంలో తప్పేమీ లేదు. పేరున్న చిత్రకారులు, వాళ్ల మీద రాసే విమర్శకులు కూడా అక్కడే ఆగిపోతేనే చిక్కు. గుర్తులు ఒక మనిషి ఎక్కడెక్కడి వాడో చెబుతాయి; ఆ చోట్లు అతని చూపును ఏం చేశాయో చెప్పవు. నా వాదన క్లుప్తంగా ఇది: మిశ్రమ వారసత్వం బొమ్మలోని వస్తువుల్లో కంటే బొమ్మను కట్టిన తీరులో ఉంటుంది. ఒక సంప్రదాయం దగ్గర నేర్చింది రెండోదాన్ని కొత్తగా చూడనివ్వాలి, ఆ కొత్త చూపు తిరిగి మొదటిదాన్నీ మార్చాలి. ఈ రాకపోకలు జరిగిన చోటే కలగలుపు ఉంది. లేనిచోట ఉన్నది ఇరుగుపొరుగు మాత్రమే.

ఈ మాట నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి అమృతా షేర్‌గిల్ బతుకూ పనీ మంచి గీటురాయి. ఆమె 1913 జనవరి 30న బుడాపెస్ట్‌లో పుట్టింది. తల్లి మేరీ ఆంట్వానెట్ హంగేరీ దేశస్థురాలు, ఒపెరా సంగీతం నేర్చిన గాయని. తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ పంజాబు సిక్కు జమీందారీ కుటుంబీకుడు. సంస్కృతం, పారశీకం చదువుకున్నవాడు, దశాబ్దాల పాటు తన ఫొటోలు తానే తీసుకున్న ఛాయాగ్రాహకుడు. మొదటి ప్రపంచయుద్ధం వల్ల కుటుంబం హంగేరీలోనే ఉండిపోయి 1921లో భారతదేశం వచ్చింది, సిమ్లాలో స్థిరపడింది. మేనమామ ఎర్విన్ బక్తాయ్ చిత్రకళ నేర్చి, తరవాత భారతీయ విద్యల పండితుడిగా పేరు తెచ్చుకున్నవాడు. మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయమని మేనకోడలికి చెప్పింది ఆయనే. అంటే ఆమెకు యూరప్ నుంచి వచ్చిన వారసత్వంలోనే భారతదేశం మీద ఆసక్తి ఉంది, భారతదేశం నుంచి వచ్చిన వారసత్వంలోనే కెమెరా ఉంది. తల్లివైపు యూరప్, తండ్రివైపు భారతం అని గీత గీసి పంచడానికి ఈ ఇంట్లో మొదటినుంచీ వీల్లేదు. 1929లో చదువు కోసం పారిస్ వెళ్లి, అక్కడి లలిత కళాశాలలో లూసియన్ సిమోన్ దగ్గర నేర్చింది. 1932లో వేసిన ‘యువతులు’ చిత్రానికి మరుసటి ఏడు పారిస్ సలోన్‌లో బంగారు పతకం వచ్చింది. 1934 చివర తిరిగొచ్చింది. 1941 డిసెంబర్ 5న లాహోర్‌లో కన్నుమూసేనాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు.

ఈ జీవితాన్ని చెప్పేటప్పుడు అందరూ వాడే సూత్రం ఒకటుంది: చెయ్యి పడమటిది, ఆత్మ భారతీయం. వినడానికి ఇంపుగా ఉంటుంది. నూనెరంగులు, కాన్వాసు, శరీర నిర్మాణ జ్ఞానం పారిస్ ఇచ్చింది; వాటితో చెప్పవలసిన సంగతి ఈ నేల ఇచ్చింది; రెండూ కలిశాయి. ఈ సూత్రానికి పారిస్‌లోనే మూలం ఉండటం గమనించదగ్గది. ఆమె రంగుల పోకడ చూసి, పశ్చిమ దేశాల బూడిదరంగు స్టూడియోలు ఆమెకు నప్పవనీ, తూర్పు దేశమే ఆమెకు సరైన చోటనీ అన్నది ఆమె గురువే. అయితే 1934లో తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో ఆమె చెప్పిన కారణం వేరు. ఆధునిక యూరప్ కళే తనను భారతీయ చిత్రాలు, శిల్పాల దగ్గరికి నడిపించిందనీ, యూరప్ రాకపోతే అజంతా గోడమీది బొమ్మ విలువ తనకు తెలిసేదే కాదనీ ఆ ఉత్తరం సారాంశం. గురువు మాటలో భారతదేశం ఆమె నెత్తుటిలో ఉంది. ఆమె మాటలో భారతదేశం పారిస్ దారిలో దొరికింది. నేను ఆమె మాటే నమ్ముతాను. ఆమె మాట కాబట్టి నమ్మడం లేదు, బొమ్మలు ఆ మాటకు సాక్ష్యం చెబుతున్నాయి కాబట్టి.

మొదటి సాక్ష్యం 1934లో పారిస్‌లో వేసుకున్న స్వీయచిత్రం, ‘తాహితీ స్త్రీగా నేను’. నడుము పైన బట్ట లేకుండా, చేతులు ముందుకు కట్టుకుని, మన వైపు చూడకుండా పక్కకు చూస్తూ నిలబడిన గోధుమరంగు యువతి. వెనక ఒక మగవాడి నీడ పడింది. ఇంకా వెనక, గోడమీద, తూర్పు ఆసియా చిత్రాల్లోని మనుషుల్లాంటి ఆకారాలు అస్పష్టంగా ఉన్నాయి. ఫ్రెంచి చిత్రకారుడు గోగాఁ తాహితీ ద్వీపానికి వెళ్లి అక్కడి ఆడవాళ్లను వేసిన బొమ్మలు అప్పటికి పారిస్‌లో పాఠ్యాంశం లాంటివి. ఆ బొమ్మల్లో చూసేవాడు యూరప్ మగవాడు, కనిపించేది తూర్పు స్త్రీ. ఇక్కడ కుంచె పట్టిందీ కనిపించేదీ ఒక్కరే. తాహితీతో ఆమెకు ఏ బంధమూ లేదు. హంగేరీ గుర్తు గాని, పంజాబు గుర్తు గాని బొమ్మలో ఎక్కడా లేదు. గుర్తుల లెక్కన చూస్తే ఆమె మిశ్రమ వారసత్వానికీ ఈ చిత్రానికీ సంబంధమే ఉండకూడదు. కాని పారిస్ తనను ఏ కంటితో చూస్తోందో ఆ కంటిని తీసుకుని, దాని ముందు తానే నిలబడి, ఆ చూపుకు ఎదురుచూపు ఇవ్వకుండా తల పక్కకు తిప్పుకున్న బొమ్మ ఇది. రెండు వైపులా తెలిసిన మనిషి తప్ప మరొకరు వెయ్యలేని బొమ్మ.

తిరిగొచ్చిన తొలి ఏడాది వేసిన వాటిలో బలమూ ఉంది, బలహీనతా ఉంది. 1935 నాటి ‘ముగ్గురు అమ్మాయిలు’ చిత్రానికి తరవాత బొంబాయి ఆర్ట్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. కళ్లు దించుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చున్న ఆ ముగ్గురి బట్టల రంగులు చదునుగా, విశాలంగా పరుచుకున్నాయి. ముఖాల మీద మాత్రం వెలుగునీడల పారిస్ పాఠం ఇంకా మిగిలే ఉంది. అదే ఏడాది ‘మదర్ ఇండియా’ లాంటి చిత్రాల్లో దుఃఖం ముందే నిర్ణయమైపోయి, మనుషులు దానికి నమూనాలుగా వచ్చి కూర్చున్నట్టుంటారు. చెయ్యి పడమటిది, ఆత్మ భారతీయం అన్న సూత్రం సరిగ్గా అతికేది ఈ దశకే. ఆమె పనిలో తక్కువ స్థాయి దశ కూడా ఇదే. సూత్రం నిజమైన చోట బొమ్మ పలచబడింది. సూత్రాన్ని కాదనడానికి నాకిది బలమైన కారణంగా కనిపిస్తోంది.

1936 చివర ఆమె దక్షిణాదికి బయలుదేరింది. అజంతా, ఎల్లోరా చూసింది, హైదరాబాద్ వచ్చింది, అక్కణ్నుంచి కేరళ వెళ్లి కొచ్చిన్ మట్టంచేరి రాజభవనంలోని కుడ్యచిత్రాలను పట్టిపట్టి చూసింది. మన ప్రాంతంతో ఆమెకున్న సంబంధంలో సుఖాంతం లేదు: హైదరాబాద్‌లో నవాబు సాలార్‌జంగ్ ఆమె బొమ్మలను కొనకుండా తిప్పి పంపేశాడు. అయితే హైదరాబాద్‌కు ఈ కథలో ఇంకో పాత్ర ఉంది. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. గులాం యజ్దానీ నాయకత్వంలోని హైదరాబాద్ పురావస్తు శాఖ 1920ల మొదట్లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి ఆ గోడలమీది రంగు రాలిపోకుండా చేయించింది. 1930 నుంచి యజ్దానీ గ్రంథాలు ఆ చిత్రాలను రంగుల్లో ప్రపంచానికి చూపించాయి. బౌద్ధ భిక్షువుల గుహలు, ముస్లిం ప్రభువు ఖజానా, ఇటలీ పనివాళ్ల చేతులు, ఆ పైన పారిస్‌లో చదివిన హంగేరీ సిక్కు చిత్రకారిణి కళ్లు. అజంతా ఆమెకు ‘స్వచ్ఛమైన మూలం’గా అందిందని ఎవరైనా అంటే, ఆ మూలం ఆమెదాకా వచ్చిన దారిలో ఇంతమంది నడిచారని గుర్తుచెయ్యాలి.

ఆ ప్రయాణం తరవాత 1937లో వేసిన మూడు పెద్ద చిత్రాలు ‘పెళ్లికూతురి అలంకరణ’, ‘బ్రహ్మచారులు’, ‘సంతకు వెళుతున్న దక్షిణాది పల్లెజనం’. వీటిలో ‘బ్రహ్మచారులు’ దగ్గర కాసేపు ఆగుదాం. ఐదుగురు యువకులు పంచెలు కట్టుకుని, జంధ్యాలతో కూర్చున్నారు. వెనక మట్టిరంగులు తప్ప ఊరు లేదు, గుడి లేదు. బొమ్మకు లోతు దాదాపు లేదు. గోడమీది వరసలా మనుషులు మన కంటికి సమాంతరంగా పరుచుకున్నారు. ఒంటి రంగు ఒకరికీ ఒకరికీ వేరు. అసలు పని జరిగింది పంచెల్లో. ఐదు పంచెలూ తెల్లవే, కాని ఏ రెండు తెలుపులూ ఒకటి కావు. ఒకటి పసుపువైపు ఒరిగితే ఇంకొకటి నీలివైపు, మరొకటి బూడిదవైపు ఒరుగుతుంది. నల్లని ఒళ్ల మధ్య ఆ తెలుపులే బొమ్మను నిలబెట్టాయి. తెలుపులో ఇన్ని తెలుపులున్నాయని చూపించడం ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ తరవాతి పారిస్ నేర్పిన విద్య. లోతు తీసేసి మనుషుల్ని గోడకు అతికినట్టు నిలపడం, కళ్లు చెప్పవలసింది చేతుల చేత చెప్పించడం అజంతా నేర్పిన విద్య. ఇందులో ఏది చెయ్యి, ఏది ఆత్మ? చేతినే అజంతా మార్చింది. చెప్పే సంగతిని, అంటే తెలుపుల మధ్య తేడాని, పారిస్ చూపించింది. సూత్రం ఇక్కడ తలకిందులైంది.

కలగలుపులో రాకపోకలు రెండు వైపులా ఉండాలని మొదట్లో అన్నాను. తిరుగు ప్రయాణానికి సాక్ష్యం 1938, 39 సంవత్సరాల హంగేరీ చిత్రాలు. తల్లి తరఫు బంధువైన విక్టర్ ఎగాన్ అనే డాక్టర్‌ను పెళ్లాడడానికి ఆమె 1938లో హంగేరీ వెళ్లి ఏడాది పాటు ఉంది. స్వదేశాగమనం కథగా ఆమె జీవితాన్ని చెప్పేవాళ్లు ఈ ఏడాదిని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నా దృష్టిలో ఇదే కీలకం. ‘హంగేరీ సంత’లో తెల్లని గోడల ముందు నల్లని దుస్తుల్లో పల్లెజనం చిన్నచిన్న ఆకారాలుగా నిలుచున్నారు. యూరప్ విమర్శకులకు ఇందులో పదహారో శతాబ్దపు ఫ్లాండర్స్ చిత్రకారుడు బ్రూగెల్ కనిపిస్తాడు, నిజమే. కాని నల్లని ఆకారాలనూ తెల్లని పరుపునూ పక్కపక్కన పెట్టి, నీడలతో గుండ్రన చెయ్యకుండా, ఆ ఎదురెదురు రంగులతోనే బొమ్మ కట్టడం ఏడాది ముందు దక్షిణాది చిత్రాల్లో సాధించిన పని. పుట్టిన దేశాన్ని ఆమె ఇప్పుడు దక్కనులో పదునెక్కిన కంటితో చూస్తోంది. 1939 నాటి ‘ఇద్దరు అమ్మాయిలు’లో ఒకరిది తెల్లని ఒళ్లు, ఇంకొకరిది నల్లని ఒళ్లు. ఇద్దరూ ఆమేనని, రెండు వారసత్వాల ప్రతీకలని చెప్పడం సులువు, చాలామంది చెప్పారు కూడా. నాకు ఆ ప్రతీక కంటే, రెండు ఒళ్లకూ ఒకే రకం కుంచె, ఒకే రకం శ్రద్ధ దక్కడం ముఖ్యంగా తోస్తుంది.

1939లో తిరిగొచ్చి గోరఖ్‌పూర్ దగ్గర సరాయాలో, బంధువుల చక్కెర మిల్లు ఉన్న ఎస్టేటులో కాపురం పెట్టాక ఆమె కాన్వాసులు చిన్నవయ్యాయి. మొగలు, పహాడీ లఘుచిత్రాలు, ముఖ్యంగా బసోలీ చిత్రాల మండే ఎరుపులు, పసుపులు ఆమెను పట్టుకున్నాయి. 1940 నాటి ‘పసుపు నూరే స్త్రీలు’, ‘ఊయల’, ‘ముసలి కథకుడు’ చూస్తే, 1935 నాటి దిగులుబొమ్మలు వేసింది ఈమేనా అనిపిస్తుంది. మనుషులకు ఇప్పుడు పని ఉంది, ఊసులున్నాయి, కూర్చోవడానికి చెట్టునీడ ఉంది. లఘుచిత్రాన్ని ఆమె అనుకరించలేదు. కాగితం మీద సన్నని కుంచెతో వేసే ఆ పద్ధతిని వదిలేసి, అందులోని రంగుల పొందికను మాత్రం తీసుకుని దట్టమైన నూనెరంగులో పెట్టింది. ఐదేళ్లలో ఆమె కళ నాలుగుసార్లు మలుపు తిరిగింది. ప్రతి మలుపులోనూ ఒక వైపు నేర్చింది రెండో వైపు పనిని మార్చింది.

ఇక ఆక్షేపణలు. మొదటిది స్వదేశీ పక్షం నుంచి వచ్చేది: నూనెరంగు, కాన్వాసు పరాయివి, వాటితో వేసింది ఎంత బాగున్నా మనది కాదు. ఈ మాట తెలుగునాట కొత్త కాదు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ వంగ చిత్రరీతిని నేర్పినప్పుడు, అడివి బాపిరాజు లాంటివాళ్లు నేర్చుకున్నప్పుడు, దాని వెనక ఉన్న ఉత్సాహం ఇదే. జాతీయోద్యమ కాలంలో అది అవసరమైన ఉత్సాహం కూడా. కాని ఆ వంగ రీతికి పేరు తెచ్చిన తడి పూత పద్ధతి, 1903లో కలకత్తా వచ్చిన తైకాన్, షున్సో అనే జపాను చిత్రకారుల సాంగత్యంలో ఆ రీతికి ఆద్యుడైన అవనీంద్రనాథ్ ఠాగూర్‌కు అబ్బింది. ఆ కళాశాల ఉన్న బందరులోనే శతాబ్దాలుగా అద్దిన కలంకారీ బట్టల మీద పారశీక తీగలు, పూలు పాకాయి. వాటిని ఎరుపెక్కించింది మాత్రం మన చిరివేరు, మన నీళ్లు. పరాయి సొత్తు ఏదీ అంటని కళ కోసం వెతికితే చేతికి ఏమీ మిగలదు. తేడా ఒక్కటే: తాము కలుపుతున్నామని వంగ చిత్రకారులు గట్టిగా చెప్పుకోలేదు, షేర్‌గిల్ దాచుకోలేదు.

రెండో ఆక్షేపణ ఇంతకంటే సూక్ష్మమైంది. తల్లిదండ్రులెవరో మనకు ముందే తెలుసు కాబట్టి బొమ్మల్లో కలగలుపు కనిపిస్తోంది, తెలియకపోతే కనిపిస్తుందా? ఇందులో సగం నిజముంది. చిత్రకారుడు జామినీ రాయ్ తల్లిదండ్రులిద్దరూ బెంగాలీలే. కలకత్తా ప్రభుత్వ కళాశాలలో యూరప్ పద్ధతి నేర్చి, దాన్ని వదిలి, కాళీఘాట్ పటచిత్రాల గీత పట్టుకుని, నిండైన ఆధునిక చిత్రాలు వేశాడు. ఆయన పనిలో కలగలుపు లేదని ఎవరనగలరు? మరోవైపు, అమృత చెల్లెలు ఇందిరకు అదే తల్లి, అదే తండ్రి, అదే పారిస్. ఆమె పియానో నేర్చుకుంది. పుట్టుక కొన్ని తలుపులు తెరిచి ఉంచుతుంది. ఏ తలుపులోంచి నడవాలో, లోపలికెళ్లి ఏం తెచ్చుకోవాలో నిర్ణయించేది పని. ఈ ఆక్షేపణ నా వాదనను కూల్చకపోగా సరిచేస్తోంది: వారసత్వం అన్నది పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు, పనిచేస్తూ సంపాదించుకునే హక్కు. కాబట్టి దాని సాక్ష్యం వంశవృక్షంలో కాకుండా కాన్వాసు మీదే వెతకాలి.

మూడోది అన్నిటికంటే బరువైంది. ఇది ఉన్నవాళ్ల కలగలుపు. సిమ్లాలో ఇల్లు, పారిస్‌లో చదువు, చక్కెర మిల్లు యజమానుల చుట్టరికం ఉన్న మనిషి, పొలాల్లో కష్టం చేసుకునేవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మలు వేస్తే అది కూడా గోగాఁ పనే కదా? తూర్పు స్త్రీగా తనను చూసిన చూపునే ఆమె సిమ్లా కొండల మనుషుల మీదికి తిప్పలేదా? 1935 నాటి చిత్రాల విషయంలో ఈ నేరం చాలావరకు రుజువైనట్టేనని నేను ఒప్పుకుంటాను. ఆ మనుషులకు దుఃఖం తప్ప మరేమీ దక్కలేదు. కలగలిసిన వారసత్వం ఎవరికీ నైతిక పట్టా ఇవ్వదు. రెండు సంస్కృతులు తెలిసినవాడు రెండు చోట్లా దొరగా ఉండవచ్చు. అయితే ఈ ఆక్షేపణకు జవాబు కూడా బొమ్మల్లోనే ఉంది. సరాయా చిత్రాల్లో ఆడవాళ్లు మన జాలికోసం కూర్చోలేదు, తమ పనిలో తాముగా ఉన్నారు. ఆ మార్పు ఏ ప్రకటన వల్లా రాలేదు. ముఖంలోని విషాదాన్ని వదిలి, గుంపు కూర్పునూ రంగుల పొందికనూ పట్టించుకున్న లఘుచిత్రాల పాఠం వల్ల వచ్చింది. రూపంలో వచ్చిన మార్పు చూపులోని దోషాన్ని కొంత కడిగింది. మొత్తం కడిగిందని నేను అనను. జమీందారు మేడ గవాక్షం ఆ బొమ్మల నుంచి పూర్తిగా తొలగలేదు.

భారత ప్రభుత్వం 1976లో ఆమె కృతులను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. దేశంలో ఉన్న ఆమె చిత్రాలను ఎగుమతి చెయ్యడానికి వీల్లేదు. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా వీక్షణాలయంలో ఉన్న ‘యువతులు’ పారిస్‌లో వేసింది. అందులో ఉన్నది చెల్లెలు ఇందిర, ఫ్రెంచి స్నేహితురాలు. అందులో భారతీయ గుర్తు వెతికేవాడికి చేతికి చిక్కేది చాలా తక్కువ. అయినా అది చట్టప్రకారం మన జాతీయ సంపద. 2023లో ఆమె ‘కథకుడు’ చిత్రం వేలంలో రూ. 61.8 కోట్లు పలికినప్పుడు పత్రికలు ధర గురించే రాశాయి గాని, చట్టం చేసిన ఈ పెద్దమనసు పని గురించి ఆలోచించినవాళ్లు తక్కువ. ‘మనది’ అనడానికి వస్తువులో మన గుర్తు ఉండనక్కర్లేదని రాజ్యమే సంతకం పెట్టింది. కళాశాలలు, విమర్శకులు, పోటీల న్యాయనిర్ణేతలు మాత్రం ఇంకా గుర్తులే లెక్కపెడుతున్నారు.

అందుకే ఈ సభలోని ఉపాధ్యాయులకు ఒక ప్రతిపాదన చేసి ముగిస్తాను. రెండు సంస్కృతుల మధ్య పెరిగిన విద్యార్థులు, వాళ్లు డాలస్‌లో పుట్టిన తెలుగువాళ్లు కావచ్చు, హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే ఇంటి పిల్లలు కావచ్చు, బళ్లారి సరిహద్దులో కన్నడం కలిసిన ఇంటివాళ్లు కావచ్చు, బొమ్మ తెచ్చి చూపినప్పుడు ‘ఇందులో నీ మూలాలు ఎక్కడున్నాయి’ అని అడగడం మానేద్దాం. ఆ ప్రశ్న వాళ్లను బొట్టు, కొండపల్లి బొమ్మ, ముగ్గు అంటూ సరుకుల జాబితా రాయిస్తుంది. దానికి బదులు, ‘ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట నీచేత ఏం మానిపించింది, ఏం మొదలుపెట్టించింది’ అని అడుగుదాం. ఈ ప్రశ్నకు మాటలతో జవాబు రానక్కర్లేదు, తరవాతి బొమ్మలో వస్తే చాలు. రెండు ప్రశ్నల్లో మొదటిది పిల్లల్ని సాక్షులుగా బోనెక్కిస్తుంది; రెండోది చిత్రకారులుగా పనిలో దింపుతుంది. స్మారక నిధులూ, బహుమతులూ, ఇలాంటి సభలూ ఉన్నది ఆ రెండో పని కోసమేనని నా నమ్మకం.